క్రేన్ గిర్డర్ పగుళ్ల తనిఖీ: రెట్టింపు డబ్బు తీసుకున్నారు, అయినా మళ్ళీ వీళ్లనే పిలుస్తాను

మాది జీడిమెట్లలో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు. 10 టన్నుల వరకు ఎత్తే క్రేన్, అది నడిచే ఉక్కు దూలాలు (గాంట్రీ గిర్డర్లు) పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఇన్నాళ్లూ ఏటా వచ్చే తనిఖీ వాళ్లు కింద నుంచే టార్చి వేసి చూసి, పగుళ్లు లేవని కాగితం చేతిలో పెట్టి వెళ్లిపోయేవాళ్లు, మేమూ దాన్ని ఫైల్లో పెట్టేసి నిశ్చింతగా ఉండేవాళ్లం. ఈసారి వేరే వాళ్లను పిలిచాం.

వీళ్లు వస్తూనే పరికరాలు తీయలేదు, లాగ్‌బుక్ అడిగారు. రోజుకి ఎన్ని లిఫ్టులు, ఎంతెంత బరువు, ఎప్పుడైనా 12 టన్నులు ఎత్తారా అని మా ఆపరేటర్‌ని కూర్చోబెట్టి గంటసేపు అడిగారు. ఎందుకో తర్వాత అర్థమైంది. పారిస్ అనే ఇంజనీరు పేరుతో ఉన్న సూత్రం ప్రకారం ఉక్కులో పగులు పెరిగే వేగం, బరువు ఎక్కి దిగేటప్పుడు పడే ఒత్తిడి తేడాకి దాదాపు మూడో ఘాతంలో మారుతుంది. ఒత్తిడి 20 శాతం పెరిగితే వేగం 1.7 రెట్లు, రెట్టింపయితే 8 రెట్లు! ఒకట్రెండు టన్నులే కదా అని ఎత్తించింది నేనే, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత పైకెక్కి, గిర్డర్ వంగకుండా అతికించిన పట్టీ (స్టిఫ్నర్) వెల్డు దగ్గర పెయింటు గీకి, తెల్ల పూత కొట్టి, యోక్ అనే అయస్కాంతం పెట్టి, పగులు దగ్గర పోగయ్యే ఇనుప రజను కలిపిన నల్ల ఇంకు చల్లారు. వెంట్రుకంత సన్నగా 18 మిల్లీమీటర్ల గీత తేలింది. కింద నుంచి టార్చికి అది ఏ జన్మకీ కనపడదు.

నాకు బాగా నచ్చింది రిపోర్టు. ఫలానా రోజుకి విరుగుతుందని ఒక్క తేదీ రాయలేదు. లోతు కొలతలో తేడా ఉండొచ్చు, మేం చెప్పిన లిఫ్టుల లెక్క తప్పొచ్చు, అవన్నీ కలిపి ఎన్ని నెలల్లో ఎంత ప్రమాదం ఉందో లెక్కగట్టి, రిపేరు చేసేదాకా 6 టన్నులు దాటొద్దని, ప్రతి నెలా చూడాలని రాశారు. పగులు చిన్నగా ఉన్నప్పుడు నిదానంగా, పెద్దదయ్యాక చాలా వేగంగా పెరుగుతుంది కాబట్టి ఏడాదికోసారి చూస్తే చాలదన్నారు. 1980లో ఉత్తర సముద్రంలో అలెగ్జాండర్ కీలాండ్ అనే చమురు కార్మికుల తేలే ప్లాట్‌ఫారం తిరగబడి 123 మంది చనిపోయారు, అక్కడ పగులు మొదలైంది ఒక చిన్న పరికరాన్ని అతికించిన 6 మిల్లీమీటర్ల వెల్డు దగ్గరే. ఇది విన్నాక మా వెల్డర్లు కూడా గిర్డర్‌కి క్లాంపులు అతికించడం మానేశారు.

లోపం అంటే, రిపోర్టు పది రోజులు ఆలస్యంగా ఇచ్చారు. అన్ని రోజులూ క్రేన్ కింద మనుషుల్ని నిలబెట్టాలంటే ఒకటే టెన్షన్. గీత కనపడిన రోజే బరువు తగ్గించమని నోటిమాటగానైనా చెప్పాల్సింది. రిపేరు పని వీళ్లు చేయరు, దానికి వేరే వెల్డర్ని చూసుకోవాలి. పగులు ముందుకు పాకకుండా దాని కొస దగ్గర రంధ్రం వేయించుకునేవాళ్లు మాత్రం ఆ కొస ఎక్కడుందో వీళ్లతోనే గుర్తు పెట్టించుకోండి, రంధ్రం కొసని దాటకపోతే పగులు అవతలి నుంచి మళ్ళీ పెరుగుతుంది.