హన్మకొండల కిరాయి ఇండ్లు: ఫ్లాట్లు కొనుడా, పోర్షన్లు కట్టుడా?

చేతిల ఓ 25 లక్షలున్నయి, జీతం మీద లోన్ కూడా వస్తది, మెల్లమెల్లగ నాలుగు ఇండ్లు చేసుకుని కిరాయిల మీద బతకాలె అనుకునేటోళ్లు మన ఓరుగల్లు దిక్కు మస్తు మంది ఉన్నరు. వీళ్లకు ఎక్కువగా రెండే దారులు కనిపిస్తయి, ఒకటి అపార్ట్‌మెంట్లల్ల ఫ్లాట్లు కొనుడు, రెండోది 150 గజాల జాగల జీ ప్లస్ వన్ (కింద ఒకటి, పైన ఒక అంతస్తు) లేపి నాలుగు పోర్షన్లు కిరాయికిచ్చుడు. నా ఓటు పోర్షన్లకే, ఎందుకో లెక్క ఏసి చెప్తా.

ఫ్లాట్ 40 లక్షలు, నెలకు కిరాయి 10 వేలు అనుకుందాం. ఏడాదికి 1,20,000, అంటే పెట్టినదాని మీద 3 శాతం. బ్యాంకు ఇచ్చేది 80 శాతం, అంటే 32 లక్షలు, మిగిలిన 8 లక్షలు మనయి, దాని మీద రిజిస్ట్రేషన్ ఏడున్నర శాతం, అదో 3 లక్షలు. చేతిల ఉన్న 25 లక్షలు పెట్టి రెండు ఫ్లాట్లు తీసుకుంటే వడ్డీ ఎనిమిదిన్నర, 20 ఏండ్ల మీద ఈఎంఐలు రెండు కలిపి 55 వేలు దాటుతయి, కిరాయి వచ్చేది 20 వేలు. నెలనెలా 35 వేలు జీతంల నుంచి పోవాలె. ఫ్లాట్ ఖాళీ అయితే ఆ 10 వేలు కూడా రావు, పైనుంచి మెయింటెనెన్స్ మనమే కట్టాలె.

ఇక పోర్షన్లు. జాగ, కట్టుడు, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 70 లక్షలు, ఒక్కో పోర్షన్‌కు 7,500 అనుకుంటే నెలకు 30 వేలు, ఏడాదికి 3,60,000, అంటే 5 శాతం దాటింది. మనయి 25, లోన్ 45, ఈఎంఐ 39 వేలు, జేబుల నుంచి 9 వేలు. ఒక పోర్షన్ ఖాళీ అయినా మిగిలిన మూడు నడుస్తనే ఉంటయి. ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే మన దగ్గర ఆషాఢంల, మూఢాలల్ల ఇల్లు మారేటోళ్లు దాదాపు ఉండరు, ఆ టైంల ఖాళీ అయితే టులెట్ బోర్డు శ్రావణం దాకా ఊగాల్సిందే.

అంతా ఒక్కసారే కట్టాలని కూడా ఏం లేదు. పిల్లర్లు పై అంతస్తులకు కూడా సరిపడేటట్టు వేయించి, ముందు కింద రెండు పోర్షన్లు కిరాయికిచ్చి, చిట్టి ఎత్తినప్పుడు పైన స్లాబ్ వేసుకోవచ్చు, ఫ్లాట్‌ల ఇది కుదరదు కదా. పర్మిషన్‌కు కూడా మున్సిపాలిటీ చుట్టూ తిరుగుడు తగ్గింది, 500 చదరపు మీటర్ల లోపు జాగల 10 మీటర్ల ఎత్తు లోపు కట్టుకుంటే ఆన్‌లైన్‌ల సెల్ఫ్ సర్టిఫికేషన్ (రూల్ ప్రకారమే కడ్తున్నమని మనమే రాసిచ్చుడు) మీదనే అయితది.

కట్టేటప్పుడు మాత్రం రెండు పనులు అస్సలు మర్చిపోవద్దు. ఒకటి, పోర్షన్‌కో సొంత కరెంటు మీటర్, ఓనర్ మీటర్ కింద పెట్టే సబ్ మీటర్ కాదు. తెల్ల రేషన్ కార్డు ఉన్నోళ్లకు 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తుంది, కిరాయికి ఉన్నోళ్లకు కూడా వర్తిస్తది. నాలుగు ఇండ్లు ఒక్క మీటర్ మీద ఉంటే 200 దాటుడు ఖాయం, అందరికీ ఎక్కువ రేటుతోని బిల్లు పడ్తది, ఇల్లు చూడనీకి వచ్చినోళ్లు మొదలు అడిగేదే మీటర్ సంగతి. రెండోది, పైన పోర్షన్‌కో చిన్న ట్యాంకు. ఒక్క పెద్ద ట్యాంకు పెడితే కిందోళ్లు నల్లా ఇప్పి బట్టలు ఉతుకుతుంటే పైనోళ్లకు స్నానానికి నీళ్లుండవు, మోటర్ ఎవరు వేయాలె అని రోజూ లొల్లి, ఆ లొల్లికే మంచి కిరాయిదార్లు పోతరు.

జాగ ఎక్కడ అంటే, నేనైతే కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్రాస్‌రోడ్డు, భీమారం దిక్కు గానీ, ఎంజీఎం హాస్పిటల్‌కు నడిచిపోయేటంత దూరంల గానీ చూస్త. హాస్పిటల్ స్టాఫ్, యూనివర్సిటీ, రైల్వే ఉద్యోగులు, వీళ్లకు నెల జీతం పడ్తది, కిరాయి ఆగదు. బ్రోకర్లు మామునూరు ఎయిర్‌పోర్టు, టెక్స్‌టైల్ పార్కు పేర్లు చెప్పి ప్లాట్లు చూపిస్తరు, అక్కడ గజం రేటు మాటల మీదనే పెరుగుతది, కిరాయి మాత్రం మనుషులు వచ్చి ఉన్నాకనే వస్తది. మనకు కావాల్సింది కిరాయి.

వాన సంగతి చూడకుండా బయానా ఇయ్యొద్దు. 2020 ఆగస్టుల, మళ్లీ 2023 జూలైల నాలాల పక్క కాలనీలు ఎట్ల మునిగినయో అందరం చూసినం. పాత ఇల్లు చూసేటప్పుడు గోడ కింద ఒకే ఎత్తుల రంగు మారిందా, స్విచ్ బోర్డులు పైకి ఎత్తి కొత్తగా బిగించిన్రా అని చూడాలె, పక్కింటోళ్లను అడిగితే నీళ్లు ఎంతదాకా వచ్చినయో చెయ్యి పెట్టి చూపిస్తరు. కరీమాబాద్, శివనగర్ దిక్కు చిన్న పాత ఇండ్లు తక్కువల దొరుకుతయి నిజమే, కానీ అన్నదమ్ముల పంపకాలు, లింకు డాక్యుమెంట్లు (ఇల్లు ఇదివరకు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత కాగితాలు) సరిగ లేకుంటే బ్యాంకు లోన్ ఇయ్యదు, వకీలుకు చూపించకుండా ముట్టుకోవద్దు.

ట్యాక్స్ రెండిట్లా ఒకటే, కిరాయిల నుంచి ఇంటి పన్ను పోంగ మిగిలినదాంట్ల 30 శాతం, లోన్ మీద కట్టిన వడ్డీ తీసేసి మిగతాది చూపాలె. అగ్రిమెంటు 11 నెలలకు రాసుకుంటరు, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాల్సి వస్తది.

ఒక్క ఫ్లాటే మేలు అని చెప్పేది ఎవరికంటే, దుబాయ్‌లనో హైదరాబాద్‌లనో ఉండి ఇక్కడ చూసుకునేటోళ్లు లేనోళ్లకు. బోరు మోటర్ కాలినా, డ్రైనేజీ జామ్ అయినా అపార్ట్‌మెంట్ల వాచ్‌మెన్ ఉంటడు, సొసైటీ ఉంటది, నాలుగు పోర్షన్ల ఇంటికి ఆ ఫోన్లు అన్నీ మీకే వస్తయి. అట్లాంటోళ్లు రెండు కాకుండా ఒక్కటే కొని, 25 లక్షలు అందుల్నే పెడితే లోన్ 18 లక్షలకు దిగుతది, ఈఎంఐ 16 వేల లోపు ఉంటది, ఫ్లాట్ ఖాళీగా ఉన్న నెల కూడా గట్టెక్కచ్చు.