ప్రైవేటు కౌన్సెలింగ్: రెండేళ్లు వెళ్లాక నా రివ్యూ

ముందే చెప్పేస్తాను, నాకు పనికొచ్చింది. డబ్బులు బాగానే అయ్యాయి, టైమూ పట్టింది, మొదట కలిసిన కౌన్సెలర్‌తో అసలు కుదరలేదు. అయినా ఎవరైనా అడిగితే వెళ్లమనే అంటాను. కాకపోతే అక్కడ ఏం దొరుకుతుందో, ఏం దొరకదో తెలిసి వెళ్తే సగం చిరాకు తగ్గుతుంది.

నాది విజయవాడలో బ్యాంకు ఉద్యోగం. రాత్రిళ్లు ఉన్నట్టుండి గుండె దడ, అరచేతుల్లో చెమట, ఊపిరి అందనట్టు, ఇక నా పని అయిపోయిందన్న భయం. ఈసీజీ, టూడీ ఎకో, టీఎంటీ అన్నీ చేయించాను. అన్నీ నార్మల్. "టెన్షన్ తగ్గించుకోండి" అని గుండె డాక్టరు పంపించేశారు. ఎలా తగ్గించుకోవాలో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. తర్వాత సైకియాట్రిస్టును కలిస్తే వీటిని పానిక్ ఎటాక్స్ అంటారని చెప్పి, కొన్నాళ్లపాటు వాడమని మందులు రాసి, దాంతోపాటు కౌన్సెలింగ్‌కీ వెళ్లమన్నారు.

ఎవరు ఎవరో తెలియక చాలామంది తికమకపడతారు. మందులు రాసేది సైకియాట్రిస్టు, అంటే ఎంబీబీఎస్ మీద ఆ స్పెషాలిటీ చదివిన డాక్టరు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, మాటల ద్వారా చికిత్స చేస్తారు. వాళ్లకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడగడంలో తప్పేమీ లేదు. బోర్డు మీద ఉత్తినే 'కౌన్సెలర్' అని ఉంటే మాత్రం ఆ మనిషి ఎంఏ సైకాలజీ చేసి మంచి శిక్షణ తీసుకున్నవారు కావచ్చు, నాలుగు వారాంతాల సర్టిఫికెట్ కోర్సు చేసినవారూ కావచ్చు. చదువేంటి, ఎన్నేళ్ల నుంచి చేస్తున్నారు, నా సమస్య ఇంతకుముందు చూశారా అని మొహమాటం లేకుండా ఫోన్లోనే అడగండి. విసుక్కున్నారంటే మనకి జవాబు దొరికినట్టే.

నేను మొదట కలిసిన కౌన్సెలర్‌తో మాత్రం కుదరలేదు. ఏసీ గది, మంచి సోఫా, గోడకి బుద్ధుడి బొమ్మ. గంటలో ముప్పావు వంతు ఆయనే మాట్లాడేవారు, అందులో సగం వాళ్లబ్బాయి గురించి. ప్యాకేజీ మొత్తం ముందే కట్టమన్నారు. పైగా ఆయన నడిపే ధ్యానం క్యాంపులో చేరితే త్వరగా తగ్గుతుందన్నారు. మానేశాను.

తర్వాత దొరికిన మేడమ్ హైదరాబాద్‌లో ఉంటారు. చాలావరకు వీడియో కాల్లోనే. తెలుగులో మాట్లాడేవారే కావాలని పట్టుబట్టి వెతికాను. ఇంగ్లీషులో నా బాధ చెప్తుంటే ఆడిట్ రిపోర్టు చదువుతున్నట్టు ఉండేది మరి. ఇంట్లో గోప్యత మాత్రం పెద్ద సమస్య. మేడ మీద కూర్చుంటే పక్కింటివాళ్లు బట్టలు ఆరేయడానికి వస్తారు. చివరికి కారు తీసుకెళ్లి కాస్త నీడ చూసి ఆపుకుని, అందులోంచే మాట్లాడేవాణ్ని. ఎండాకాలం నరకం.

మొదటి సిట్టింగ్ దాదాపు అంతా ప్రశ్నలే. నిద్ర, తిండి, కుటుంబంలో ఇంకెవరికైనా ఉందా, చనిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయా, థైరాయిడ్ చూపించారా. గత రెండు వారాల్లో ఎలా ఉన్నారో మార్కులు వేసుకునే చిన్న ఫారాలు. ఒక ఒప్పంద పత్రం కూడా ఉంటుంది, దాన్ని చదవకుండా సంతకం పెట్టొద్దు. మనం చెప్పింది బయటికి పోదు, అది 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కు కూడా. మినహాయింపులూ ఉంటాయి. ప్రాణాపాయం ఉందనిపించినా, చిన్నపిల్లలపై లైంగిక వేధింపుల విషయం బయటపడినా చెప్పాల్సినవాళ్లకు చెప్తారు. ఆ మాట ఆవిడ మొదటిరోజే స్పష్టంగా చెప్పారు. మొదటి సిట్టింగ్‌తోనే మనసు తేలికపడుతుందంటారు కదా, నాకైతే ఒళ్లు హూనమైనట్టు అనిపించింది. సిట్టింగ్ అయిన వెంటనే మీటింగులేవీ పెట్టుకోకండి.

సలహా కోసం వెళ్తే నిరాశే. "ట్రాన్స్‌ఫర్ పెట్టుకోమంటారా?" అని అడిగితే "పెట్టుకుంటే ఏం మారుతుందనుకుంటున్నారు?" అనేవారు. దీనికా పదిహేను వందలు అని లోపల తిట్టుకున్న రోజులున్నాయి.

అసలు పని కొన్ని వారాల తర్వాత మొదలైంది. గుండె రిపోర్టులన్నీ అడిగి చూసుకున్నాక, ఒకరోజు లేచి నిలబడి ఉన్నచోటే ఒక నిమిషం పరిగెత్తమన్నారు. ఆ రోజు ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఆయాసపడుతూ కూర్చున్నాను.

"గుండె ఎలా ఉంది?"

"దడదడలాడుతోంది మేడమ్."

"భయం వందకి ఎంత?"

"ఇరవై ఉంటుందేమో."

"ఇదే దడ రాత్రి రెండింటికి వస్తే?"

తొంభై అన్నాను. అప్పుడు వెలిగింది. రెండుసార్లూ గుండె చేస్తున్న పని ఒకటే. రాత్రిపూట మాత్రం నేను దాన్ని హార్ట్ ఎటాక్ అనుకుంటున్నాను, ఆ భయానికి దడ ఇంకా పెరుగుతోంది, అది చూసి భయం ఇంకా పెరుగుతోంది. ఈ గొలుసు గురించి డేవిడ్ క్లార్క్ అనే బ్రిటిష్ సైకాలజిస్టు 1986లోనే రాశారని తర్వాత తెలిసింది. ఆపైన ఆ లక్షణాల్ని కావాలనే తెప్పించుకుని అలవాటు పడటానికి సన్న స్ట్రాతో ఊపిరి పీల్చడం, కుర్చీలో గిరగిరా తిరగడం లాంటివి హోంవర్కు. మా ఆవిడ చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

అన్నిటికంటే కష్టమైంది జేబులో పెట్టుకున్న సార్బిట్రేట్ (గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర) వదలడం. ఏ డాక్టరూ రాయలేదు, ఎవరో చెప్తే నేనే పెట్టుకున్నాను. బ్యాగులో బీపీ మిషను సరేసరి. మొదట బ్యాగు కారులో వదిలి బ్యాంకులోకి వెళ్లడం, తర్వాత ఇంట్లోనే వదలడం, ఆ తర్వాత ఒంటరిగా బండి మీద ప్రకాశం బ్యారేజీ దాటడం. ఒక్కో మెట్టుకీ ముందు భయం ఎంత, తర్వాత ఎంత అని నోట్‌బుక్‌లో రాయాలి. రాయని వారం సిట్టింగ్ దండగే అయ్యేది.

ఇంట్లోవాళ్ల సంగతి వేరే కథ. "ఏరా, ఎర్రగడ్డ దాకా వచ్చిందా నీ వ్యవహారం?" అంది అమ్మ. మా ఆవిడకి "నా గురించి ఏం చెప్పారు?" అన్నదే దిగులు. ఒకసారి ఆమే మేడమ్‌కి ఫోన్ చేస్తే, నా అనుమతి లేకుండా మాట్లాడలేనని మర్యాదగా చెప్పారట. ఆ రోజు ఇంట్లో కొంచెం వేడి పుట్టింది గానీ నాకు నమ్మకం పెరిగింది. మా గృహప్రవేశానికి పిలిస్తే కూడా రాలేదు, శుభాకాంక్షలు చెప్పి ఊరుకున్నారు. అప్పుడు నొచ్చుకున్నాను. మన బంధువుల వరసలోకి వచ్చేస్తే అన్నీ విప్పి చెప్పలేమని తర్వాత అర్థమైంది.

ఖర్చు: 50 నిమిషాలకి 1,500. మొదట వారం వారం, తర్వాత పదిహేను రోజులకి, ఇప్పుడు ఎప్పుడైనా ఒకసారి. ఒకరోజు ముందు చెప్పకుండా మానేస్తే ఫీజు మొత్తం పోతుంది. శరీరానికొచ్చే జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకీ బీమా ఇవ్వాలని పైన చెప్పిన చట్టంలోనే ఉంది. నా పాలసీ మాత్రం ఆసుపత్రిలో చేరితేనే డబ్బులిచ్చే రకం, సిట్టింగులకి ఒక్క రూపాయి రాలేదు. ఈ మధ్య ఫీజు 1,800 చేశారు. రెండు నెలల ముందే చెప్పారు, అయినా గుచ్చుకుంది.

రాత్రిపూట మేడమ్ ఫోన్ ఎత్తరు, అది కూడా మొదటిరోజే చెప్పారు. అలాంటి అర్ధరాత్రి అవసరానికి 14416 ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఫీజు కట్టలేనివాళ్లు కూడా ముందు అక్కడికి ఫోన్ చేయొచ్చు, లేదా ప్రభుత్వ పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్లొచ్చు. క్యూ ఉంటుంది, పొద్దున్నే వెళ్లండి.