ఫారిన్ అఫైర్స్ చందా: కొత్త సంచిక కంటే పాత గుట్టే మేలు

మా అన్నయ్య కూతురు అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి సివిల్స్‌కి చదువుతోంది. పోయిన నెల ఫోన్ చేసి "బాబాయ్, ఫారిన్ అఫైర్స్‌కి ఏడాది చందా కట్టమంటావా?" అని అడిగింది. విదేశాంగ వ్యవహారాల మీద వచ్చే అమెరికా పత్రిక అది. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకి పాలిటిక్స్ చెప్పినవాణ్ణి, ఆ మాటకి ఫోన్లో రెండు ముక్కల్లో జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నా.

ఈ పత్రిక నాకు మొదట దొరికింది ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, ఆదివారం పాత పుస్తకాల్లో. తాడుతో కట్టిన ఆరు సంచికలు, ఒక్కోటీ అరవై రూపాయలు. లేత నీలం అట్ట, ఫొటోలేవీ లేవు, వ్యాసాల పేర్లూ రాసినవాళ్ల పేర్లూ అట్టమీదే వరసగా అచ్చేసి ఉన్నాయి. ఇంటికొచ్చి కట్ట విప్పితే మూడోదాంట్లో పదహారు పేజీలు చెదలు తినేశాయి. మళ్లీ ఆదివారం వెళ్లి అడిగితే అమ్మినాయన "విప్పి చూసుకోవాలి కదా సార్" అన్నాడు. అదీ నిజమే.

ఆ నీలం రంగుకో కథ ఉంది. 1922 సెప్టెంబర్‌లో న్యూయార్క్‌లోని కౌన్సిల్ ఆన్ ఫారిన్ రిలేషన్స్ అనే మేధావుల సంస్థ ఈ పత్రిక పెట్టినప్పుడు ఎడిటర్‌గా హార్వర్డ్ ప్రొఫెసర్ ఆర్చిబాల్డ్ కూలిడ్జ్‌ని పిలిచారు. ఆయన హార్వర్డ్ వదిలి రానన్నాడు. దాంతో న్యూయార్క్ ఆఫీసు పనంతా హామిల్టన్ ఫిష్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఇరవై తొమ్మిదేళ్ల కుర్రాడి మీద పడింది. అట్టకి ఆ రంగు ఎంచింది అతనే. గుర్రపు రౌతు చిహ్నం అక్క మార్గరెట్ చేత గీయించాడు, అక్షరాలు ఇంకో అక్క హెలెన్ చేత రాయించాడు. రౌతు దగ్గర ‘ఉబీక్వే’ అని లాటిన్ మాట ఉంటుంది, అంతటా అని అర్థం. కూలిడ్జ్ 1928లో పోయాక ఆర్మ్‌స్ట్రాంగే ఎడిటరై 1972 దాకా ఉన్నాడు. మొత్తం యాభై ఏళ్లు ఒకే పత్రికలో! మా కాలేజీ మ్యాగజైన్‌కి ఎడిటర్ మూడేళ్లు నిలిస్తే గొప్ప.

అయితే దీని మూలం 1922 కాదు, ఇంకా వెనక ఉంది. 1910లో మసాచుసెట్స్ రాష్ట్రం వూస్టర్‌లోని క్లార్క్ విశ్వవిద్యాలయంలో చరిత్ర ప్రొఫెసర్ జార్జ్ బ్లేక్స్‌లీ, ఆ విశ్వవిద్యాలయ అధ్యక్షుడైన మనస్తత్వశాస్త్రవేత్త స్టాన్లీ హాల్ కలిసి ఒక పత్రిక మొదలుపెట్టారు. పేరు ‘జర్నల్ ఆఫ్ రేస్ డెవలప్‌మెంట్’. జాతుల అభివృద్ధి పత్రిక అన్నమాట. వెనకబడినవని అందరూ అనుకునే జాతుల, రాజ్యాల పురోగతి గురించి చర్చిస్తామని మొదటి సంచికలోనే బ్లేక్స్‌లీ రాశాడు. 1919లో దాని పేరు ‘జర్నల్ ఆఫ్ ఇంటర్నేషనల్ రిలేషన్స్’ అయింది. 1922లో ఫారిన్ అఫైర్స్‌లో కలిసిపోయింది.

తెల్లవాళ్లు మిగతా ప్రపంచాన్ని ఎలా ఏలాలి అన్న చర్చ నుంచి అంతర్జాతీయ సంబంధాల శాస్త్రంలో ఎంత భాగం పుట్టిందో ఆ పేరు చూస్తేనే తెలుస్తుంది. నేను ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను గానీ ఒక్క సిలబస్‌లోనూ ఈ సంగతి చూడలేదు. మరి అదే పత్రికలో 1917లో నల్లజాతి మేధావి డుబాయిస్ తెల్లవాళ్ల నాగరికతని కడిగేస్తూ రాశాడు, 1925లో ఫారిన్ అఫైర్స్‌లోనూ రాశాడు. అందుకని మొత్తానికి ఒకే రంగు పూసేయడానికీ లేదు.

ఇక అందరికీ తెలిసిన వ్యాసం 1947 జులై సంచికలోది, మనకి స్వాతంత్ర్యం రావడానికి నెల ముందు. సోవియట్ ప్రవర్తనకి మూలాలేమిటి అన్న ఆ వ్యాసం రాసింది ‘ఎక్స్’. అమెరికా విదేశాంగ శాఖలో ఉద్యోగం కాబట్టి అసలు రచయిత జార్జ్ కెన్నన్ తన పేరు పెట్టలేదు. కొద్ది రోజుల్లోనే ఎవరో బయటపడింది. అందరికీ గుర్తున్నది ‘కంటైన్‌మెంట్’, అంటే కట్టడి, అనే ఒక్క మాట. ఓపిగ్గా అక్కడికక్కడే ఆపుతూ ఉంటే ఆ వ్యవస్థ లోపల్నించే కుళ్లుతుందని కెన్నన్ వాదన. అది విన్న అమెరికా ప్రభుత్వం సైన్యాలూ ఒప్పందాలూ పేర్చుకుంటూ పోయింది, నా ఉద్దేశం అది కాదని ఆయన తర్వాత మొత్తుకున్నాడు. పరీక్షల్లో రెండు మార్కుల బిట్‌గా చదివినదాన్ని మొత్తం చదివితే వేరే వ్యాసంలా ఉంటుంది.

1938 జనవరిలో నెహ్రూ వ్యాసం కూడా ఉంది, భారతదేశ ఐక్యత గురించి. మావాళ్లెవరైనా చందా కడితే ముందు అదే తెరవమంటాను.

చందాదారులకి 1922 నుంచి పాత వ్యాసాలన్నీ నెట్‌లో తెరుచుకుంటాయి. నా లెక్కలో కట్టే డాలర్లలో ముప్పావు వంతు దానికే. కొత్త సంచికలు ఏడాదికి ఆరు. మాజీ మంత్రులు, మాజీ సలహాదారులు, రేపు సలహాదారులు కావాలనుకునేవాళ్లు రాస్తారు. ఇంగ్లిష్ తేట, వాదన సూటి. కానీ ఎంత తిప్పినా చివరికి అమెరికా ఏం చేయాలన్న దగ్గరికే వస్తారు. ఫుట్‌నోట్లు ఉండవు కాబట్టి పీహెచ్‌డీ చేసేవాళ్లకి ఇదొక్కటే చాలదు. వాళ్లు ‘ఇంటర్నేషనల్ ఆర్గనైజేషన్’ లాంటి పరిశోధన పత్రికలూ, మన ఢిల్లీ నుంచి 1945లో మొదలైన ఇండియా క్వార్టర్లీ కూడా చూడాలి. అచ్చు ప్రతి జోలికి పోకండి. మా వీధికొచ్చే కొరియర్ అబ్బాయి వానలో గేటు మీంచి విసిరేసిన కవరు నేనింకా మర్చిపోలేదు.

ఐదుకి మూడున్నర ఇస్తాను. పాత గుట్ట లేకపోతే రెండే.

అమ్మాయికి మాత్రం ఇప్పుడే కట్టొద్దన్నాను. ప్రిలిమ్స్ టెన్షన్లో అంత చదివే తీరిక ఉండదు. 1910 నాటి ఆ ‘రేస్ డెవలప్‌మెంట్’ తొలి సంచికలు జేస్టోర్ అనే ఆన్‌లైన్ పత్రికల భాండాగారంలో పైసా కట్టకుండా చదవొచ్చు, ముందు అవి చూడమన్నాను. చూసింది. రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టింది: "బాబాయ్, ఈ వెనకబడిన జాతులంటే మనమేనా?"

ఆదివారం ఇంటికి రమ్మన్నాను. చెదలు తిన్నది పోగా మిగిలిన ఐదు సంచికలూ తీసి పెట్టా.