దేశాధినేతను బోనెక్కించాలంటే హేగ్ మేలా, డకార్ మేలా?

యుద్ధ నేరాలు చేయించిన దేశాధినేత మీద కేసు నడపడానికి ఇవాళ మూడు దారులున్నాయి. హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు, అంటే ఐసీసీ, మొదటిది. ఒక్క సంఘర్షణ కోసమో, ఒక్క నేత పాలనలోని నేరాల కోసమో పెట్టే ప్రత్యేక కోర్టు రెండోది; సెనెగల్ రాజధాని డకార్‌లో పెట్టింది అలాంటిదే. వేరే దేశంలోని మామూలు కోర్టు మూడోది. ఏది మేలో తేల్చేముందు ఒకటి చూసుకోవాలి: ఆ మనిషి ఇంకా పదవిలో ఉన్నాడా, దిగిపోయాడా?

పదవిలో ఉంటే మూడో దారి మూసుకుపోయినట్టే. పదవిలో ఉన్నవాళ్లకు విదేశీ కోర్టుల నుంచి రక్షణ ఉంటుంది కాబట్టి కాంగో విదేశాంగ మంత్రి మీద బెల్జియం జారీ చేసిన వారంట్ చెల్లదని, దేశాల మధ్య తగాదాలు తీర్చే అంతర్జాతీయ న్యాయస్థానం (ఇది ఐసీసీ కాదు) 2002 ఫిబ్రవరి 14న తీర్పిచ్చింది. ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం 2025 జులైలో సిరియా అధ్యక్షుడిగా ఉండగా అసద్ మీద వచ్చిన వారంట్‌ను ఇదే కారణంతో కొట్టేసింది. అతను గద్దె దిగిపోయాడు కాబట్టి కొత్త వారంట్ ఇవ్వవచ్చని కూడా చెప్పింది. ఐసీసీకి ఈ ఇబ్బంది లేదు. దాని చట్టం 27వ అధికరణం ప్రకారం పదవి ఎవరికీ రక్షణ కాదు.

కానీ ఐసీసీకి సొంత పోలీసులు లేరు, నిందితుడు ఎదురుగా లేకుండా విచారణ జరపడానికీ వీల్లేదు. సూడాన్ అధ్యక్షుడు బషీర్ మీద 2009లో వారంట్ వచ్చింది. 2015 జూన్‌లో దక్షిణాఫ్రికా వెళ్లినప్పుడు అతన్ని దేశం దాటనివ్వొద్దని ప్రిటోరియా హైకోర్టు ఆదేశించింది. వాదనలు సాగుతుండగానే అతని విమానం సైనిక స్థావరం నుంచి ఎగిరిపోయింది. ఐసీసీ వారంట్ ఉన్న పుతిన్ 2024 సెప్టెంబరులో ఐసీసీ సభ్యదేశమైన మంగోలియా వెళ్లి నిమ్మళంగా తిరిగొచ్చాడు. సభ్యత్వం లేని దేశంలో, ఆ దేశస్థులే చేసిన నేరాలైతే ఆ దేశమే ఒప్పుకోవాలి, లేదంటే భద్రతామండలి పంపాలి. సిరియా విషయంలో 2014 మేలో రష్యా, చైనా వీటో వేశాయి.

అరెస్టు జరిగినా అసలు కష్టం సాక్ష్యంతో. ఊళ్లు తగలబడ్డాయని, ఖైదీలను చంపారని నిరూపించడం ఒక ఎత్తు, ఆ నేరాన్ని అధ్యక్షుడి కుర్చీదాకా అతికించడం మరో ఎత్తు. ఆజ్ఞ ఇచ్చాడనైనా చూపాలి, లేదా తెలిసీ ఆపలేదని, శిక్షించలేదని చూపాలి. రెండోది తేలికనిపిస్తుంది గానీ కాదు. కాంగో మాజీ ఉపాధ్యక్షుడు బెంబాకు ఐసీసీలో 2016లో 18 ఏళ్ల శిక్ష పడింది. పొరుగుదేశంలో ఉన్న తన దళాలను అదుపు చేయడానికి అతనికున్న వీలును కింది కోర్టు సరిగా తూచలేదంటూ 2018లో అప్పీలు బెంచి నిర్దోషిగా వదిలేసింది. కెన్యా అధ్యక్షుడు కెన్యట్టా మీది కేసు నోటిమాట సాక్షుల మీదే ఆనుకుంది. వాళ్లు ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు, కెన్యా ప్రభుత్వం అడిగిన రికార్డులివ్వలేదు, 2014 డిసెంబరులో ప్రాసిక్యూటరే అభియోగాలు ఉపసంహరించుకున్నారు.

దీని పక్కన చాద్ నియంత హబ్రే కేసు పెట్టి చూడండి. అతని రహస్య పోలీసుల దస్త్రాలు 2001లో చాద్ రాజధాని ఎంజమేనాలోని పాడుబడ్డ కార్యాలయంలో కుప్పలుగా దొరికాయి. అందులో రెడ్‌క్రాస్ పంపిన వినతిపత్రం ఒకటుంది: జబ్బుపడ్డ యుద్ధఖైదీలను ఆస్పత్రికి పంపమని. ఇకమీదట చనిపోతే తప్ప ఏ యుద్ధఖైదీ జైలు దాటకూడదని దాని మీద చేత్తో రాసి ఉంది. ఆ రాత హబ్రేదేనని చేతిరాత నిపుణుడు తేల్చాడు. వందమంది సాక్షులు చెప్పినా రాని బలం ఆ ఒక్క కాగితానికుంది.

ఆ కేసు సాఫీగా ఏమీ సాగలేదు. హబ్రే తలదాచుకున్న సెనెగల్‌లో బాధితులు 2000 జనవరిలో ఫిర్యాదు చేస్తే, తమ చట్టంలో వీలులేదని అక్కడి కోర్టులు కొట్టేశాయి. బాధితులు బెల్జియంకు వెళ్లారు. ఆ దేశం వేసిన వ్యాజ్యంలో అంతర్జాతీయ న్యాయస్థానం 2012 జులై 20న, ఆలస్యం లేకుండా విచారించండి, లేదంటే అప్పగించండి అని సెనెగల్‌కు చెప్పింది. ఆఫ్రికా సమాఖ్యతో ఒప్పందం చేసుకుని డకార్‌లో ప్రత్యేక కోర్టు తెరిచారు. 2015 జులైలో విచారణ మొదలుకాగానే హబ్రే లాయర్లు బహిష్కరించారు. కోర్టు తానే లాయర్లను నియమించి, కేసు చదువుకోవడానికి 45 రోజులు గడువిచ్చింది. 2016 మే 30న యావజ్జీవం. మొత్తం బడ్జెట్ కోటి యూరోలలోపే. ఐసీసీకి ఏటా 15 కోట్ల యూరోలకు పైగా కావాలి.

ప్రత్యేక కోర్టులన్నీ ఇలా గట్టెక్కలేదు. యుగోస్లావియా మాజీ అధ్యక్షుడు మిలోసెవిచ్ మీద, ఆ దేశపు యుద్ధాల కోసం పెట్టిన ప్రత్యేక కోర్టులో క్రొయేషియా, బోస్నియా, కొసావో నేరాలన్నీ కలిపి 66 అభియోగాలు మోపారు. నాలుగేళ్లు సాగదీసి, తీర్పు రాకముందే 2006 మార్చి 11న అతను చనిపోయాడు. సియెర్రా లియోన్ ప్రత్యేక కోర్టు లైబీరియా అధ్యక్షుడు టేలర్ మీద 11 అభియోగాలకే పరిమితమై 50 ఏళ్ల శిక్ష వేయగలిగింది. అయితే ఆ కోర్టు స్వచ్ఛంద విరాళాల మీద నడిచి, డబ్బుకు కటకటలాడింది.

మా అభిప్రాయం: నేత పదవిలో ఉన్నంతకాలం ఐసీసీ వారంటే దిక్కు. బషీర్ చూపినట్టు అది జైలుకు పంపకపోయినా సభ్యదేశాలకు అతని ప్రయాణాలకు కొంతైనా పగ్గం వేస్తుంది. కుర్చీ దిగాక మాత్రం బాధితులకు దగ్గరలో, వాళ్ల ప్రాంతపు జడ్జీలతో, తక్కువ అభియోగాలతో నడిచే డకార్ పద్ధతే మేలు. ఏ దారి పట్టినా కాగితాలు ముందు భద్రం చేయాలి. సిరియా కోసం ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ 2016 డిసెంబరులో పెట్టిన సంస్థ పని అదే: అది కోర్టు కాదు, సాక్ష్యాలు పోగుచేసి, వరసపెట్టి, అడిగిన కోర్టులకు ఇస్తుంది.

అలాంటి మాజీ నేత రేపు శంషాబాద్‌లో దిగితే? భారత్ ఐసీసీ సభ్యదేశం కాదు. 2015 అక్టోబరులో బషీర్ ఢిల్లీ సదస్సుకు వచ్చి వెళ్లాడు. మనకున్నది 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం; యుద్ధంలో ఖైదీలను, పౌరులను కాపాడే ఒప్పందాల కోసం చేసింది. విదేశంలో విదేశీయుడు చేసిన తీవ్ర ఉల్లంఘననూ దానికింద ఇక్కడే విచారించవచ్చు. అయితే ఆ ఉల్లంఘనలు దేశాల మధ్య యుద్ధాలకే వర్తిస్తాయి, అంతర్యుద్ధాలకు కాదు. పైగా 17వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వమో, అది నియమించిన అధికారో ఫిర్యాదు చేస్తేనే కోర్టు కేసు తీసుకోవాలి. డకార్‌లో బాధితులే నేరుగా వెళ్లి వేసిన ఫిర్యాదులాంటిది ఇక్కడ చెల్లదు.