ప్రాణమైన వస్తువుతో పోర్ట్రెయిట్: 50 మి.మీ. లెన్స్ ఎలా పనిచేసింది

తిరుపతిలో పోర్ట్రెయిట్లు తీస్తుంటాను. ఇంట్లో పెద్దవాళ్లను వాళ్లకు ప్రాణమైన వస్తువుతో కలిపి తీయడం నాకు చాలా ఇష్టమైన పని. దానికి ఏళ్లుగా క్రాప్ సెన్సర్ బాడీ (చిన్న సెన్సర్ ఉన్న కెమెరా) మీద వాడుతున్నది కానన్ ఈఎఫ్ 50 మి.మీ. ఎఫ్/1.8 ఎస్‌టీఎం.

ఈ లెన్స్‌ను చాలామంది 1.8 కోసం, అంటే లెన్స్ కన్ను బాగా పెద్దగా తెరుచుకుంటుందని కొంటారు. వస్తువుతో తీసే ఫొటోకు ఆ 1.8 పనికిరాదు. మనిషి ఒకటిన్నర మీటరు దూరంలో ఉంటే ఫోకస్‌లో నిలిచేది 6 సెం.మీ. లోతే. కళ్లు తేటగా వస్తాయి, ఒళ్లోని వస్తువు ఆనవాలు లేకుండా పోతుంది. 2 మీటర్లకు జరిగి, ఎఫ్/5.6 పెట్టి ఆ కన్ను చిన్నది చేస్తే లోతు 30 సెం.మీ. దాటుతుంది. ముఖమూ, గుండెల దగ్గర పట్టుకున్న వస్తువూ రెండూ దక్కుతాయి. వెలుతురు తగ్గుతుంది కాబట్టి వసారాలోనో కిటికీ పక్కనో కూర్చోబెట్టి ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) పెంచుతాను.

శ్రీకాళహస్తిలో ఒక కలంకారీ పెద్దాయన వెదురు కలం తెచ్చుకుని, "దీన్ని యాడ పట్టుకోవాల నాయనా?" అన్నారు. "పట్టుకోవద్దు పెదనాయనా, గీయండి" అన్నాను. గుడ్డ మీదికి వంగేసరికి ముఖం చేతికి దగ్గరైంది. పక్క నుంచి తీస్తే రెండూ కెమెరాకు ఒకే దూరంలోకి వచ్చాయి. వస్తువును చూపించమంటే బిగుసుకుపోయే చేతులు, దాంతో పని చేయమంటే సర్దుకుంటాయి. తర్వాత కలం ఒక్కదాన్నే తీశాను. 2015లో వచ్చిన ఈ లెన్స్ 35 సెం.మీ. దాకా దగ్గరికి పోతుంది, దీని ముందు మోడల్‌కు 45 కావాలి. ఆ తేడా వల్లే కలానికి చుట్టిన దారమూ, వేళ్లలో ఇంకిన కసిం (కలంకారీలో వాడే నల్లరంగు) నలుపూ వివరంగా పడ్డాయి.

చిత్తూరు వైపు భారతం వీధి నాటకాలు ఆడినవాళ్లు భుజకీర్తులు తెస్తారు. వాటి అద్దాల్లో కిటికీ మెరుస్తుంది. ఫ్లాష్ ఆపి, భుజకీర్తిని కొంచెం పక్కకు వంచితే చాలు.

చిన్న గదుల్లో మాత్రం ఇబ్బందే. క్రాప్ బాడీ మీద ఇది 80 మి.మీ. లెన్స్ లాగా ఇరుకుగా చూస్తుంది, 2 మీటర్ల నుంచి నిలువు ఫ్రేములో 90 సెం.మీ. దాకానే పడుతుంది. కుట్టుమిషన్, హార్మోనియం లాంటివాటికి నేను ఇంకా వెడల్పుగా చూసే 24 మి.మీ. లెన్స్ పెడతాను. కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్ ఉన్నవాళ్లకు అదే సరిపోతుంది.