2018 నుంచి గ్రిడ్‌తోనే ఫారాలు: నా అనుభవం

వెబ్ ఫారంలో లేబుల్, దాని పక్కన ఫీల్డ్ పెట్టడానికి మొదట్లో టేబుల్ వాడాను, ఆ తర్వాత ఫ్లోట్ (ఒకదాన్ని ఓ పక్కకి జరిపి, మిగతావి దాని పక్కన చేరేలా చేసే పద్ధతి). క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండింట్లోనూ సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని రాసే భాష) గ్రిడ్ 2017 మార్చిలో వచ్చింది. గ్రిడ్ అంటే పేజీని అడ్డు, నిలువు వరుసలుగా విడగొట్టి అమర్చే పద్ధతి. మరుసటి ఏడాది నుంచి నా ఫారాలన్నీ గ్రిడ్‌తోనే చేస్తున్నాను.

ఫ్లోట్‌తో నన్ను బాగా ఏడిపించింది తెలుగు లేబుళ్లే. లేబుల్‌కి 150 పిక్సెళ్లు ఇస్తే 'పేరు' హాయిగా పట్టేది. 'తండ్రి లేదా సంరక్షకుని పేరు' మాత్రం రెండు మూడు లైన్లయ్యేది, కింది వరుస వచ్చి దానికి తగులుకునేది. వరుస వరుసకీ క్లియర్ (పై ఫ్లోట్ కిందికి దిగమని చెప్పే ఆదేశం) పెట్టుకుంటూ పోవడమే పని. గ్రిడ్‌లో మొదటి నిలువు వరుసకు మ్యాక్స్-కంటెంట్ (లోపలి మాట మడవకుండా పట్టేంత వెడల్పు), రెండోదానికి వన్ ఎఫ్ఆర్ (మిగిలిన చోటంతా) అని రాస్తే చాలు. అన్నింటికన్నా పొడవైన లేబుల్‌ని బట్టి వెడల్పు అదే కుదురుకుంటుంది. ఒకే ఫారాన్ని తెలుగులో, ఇంగ్లిష్‌లో ఇవ్వాల్సి వచ్చినప్పుడు స్టైల్‌షీట్‌లో ఒక్క అంకె కూడా మార్చలేదు. నాకు ఇది చాలా పెద్ద ఊరట.

ఫోన్‌లో మాత్రం ఇదే అమరిక పనికిరాదు. మ్యాక్స్-కంటెంట్ లేబుల్‌ని మడవదు కాబట్టి చిన్న స్క్రీన్‌లో ఫీల్డ్‌కి చోటే మిగలదు. అందుకే ముందు లేబుల్ పైన, ఫీల్డ్ కింద ఉండేలా రాసి, 600 పిక్సెళ్లు దాటాకే రెండు నిలువు వరుసలు చేస్తాను. ఫీల్డ్‌లో అక్షరాలు 16 పిక్సెళ్లకు తగ్గితే ఐఫోన్‌లో తాకగానే పేజీ జూమ్ అవుతుంది, అదీ చూసుకోవాలి.

ఇంకో ఇబ్బంది: లేబుల్, ఫీల్డ్ రెండూ గ్రిడ్‌కి నేరుగా పిల్లలై ఉండాలి. రెండింటినీ ఒక డివ్‌లో (మధ్యలో ఇంకో పెట్టెలో) చుడితే వరుస తప్పుతుంది. దీనికి సరైన మందు సబ్‌గ్రిడ్, అంటే లోపలి పెట్టె కూడా బయటి గ్రిడ్ వరుసల్నే వాడుకోవడం. ఫైర్‌ఫాక్స్‌లో 2019 డిసెంబర్‌కే వచ్చినా, క్రోమ్‌లో 2023 సెప్టెంబర్ దాకా ఆగాల్సి వచ్చింది.

గ్రిడ్‌తో సంబంధం లేకపోయినా ఒక మాట చెప్పాలి. ఫీల్డ్‌కి ఎత్తు బిగించకండి. 'లక్ష్మి' అని టైప్ చేస్తే కింది ఒత్తులు తెగిపోతాయి. ప్యాడింగ్ (అక్షరాల చుట్టూ ఖాళీ) ఇచ్చి, లైన్-హైట్ (లైను ఎత్తు) 1.6 పెట్టాక నా ఫారాల్లో మళ్లీ ఆ సమస్య రాలేదు.