పాత సినిమా పోస్టర్లకు పదింతల లూప్: పదేళ్లకు పైగా వాడాక

నగల దుకాణాల్లో వజ్రాన్ని పరీక్షించే చిన్న మడత లూప్, అంటే పదింతలు పెద్దగా చూపే భూతద్దం ఇది. 2013లో 600 రూపాయలకు కొన్నాను. విశాఖలో పూర్ణా మార్కెట్ వైపు పాత కాగితాల కొట్టుకు వెళ్లినా, ఎవరి ఇంట్లోనైనా పోస్టరు ఉందని తెలిసి వెళ్లినా ఇది జేబులో ఉండాల్సిందే.

ఇది అన్నిటికంటే బాగా పట్టిచ్చేది మడతను. పూర్వం పోస్టర్లను మడిచి థియేటర్లకు పంపేవారు కాబట్టి అసలు ప్రతికి మడత గీతలు సహజం. నకిలీ చేసేవారు ఆ ప్రతిని స్కాన్ చేసి అచ్చు వేస్తే మడతలు కూడా బొమ్మలో భాగంగా వచ్చేస్తాయి. రెండేళ్ల కిందట డాబా గార్డెన్స్‌లో ఒకాయన పౌరాణిక చిత్రం పోస్టరు చూపించాడు. నడిమి మడత దగ్గర రంగు రాలి, తెల్లగా నలిగినట్టే ఉంది. లూప్ పెట్టి చూస్తే ఆ తెలుపులో కాగితం పీచు లేదు. నీలం, గులాబీ, పసుపు చుక్కలు పలచబడి తెలుపులా అనిపించాయి, అంతే. వేలితో తడిమితే నున్నగా ఉంది. నిజమైన మడతలో సిరా చిట్లి, పీచు నూగులా పైకి లేస్తుంది. మారు మాట్లాడకుండా తిరిగి ఇచ్చేశాను.

అలాగని చుక్కలు కనిపించగానే నకిలీ అనుకోకూడదు. ఆఫ్‌సెట్ అచ్చంటేనే సన్నని రంగు చుక్కలతో బొమ్మ కట్టడం. కొత్తలో ఇది తెలియక 1970ల నాటి మంచి పోస్టరును వదులుకున్నాను, ఆ బాధ ఇంకా తీరలేదు. పాత లిథో (రాతి పలక) అచ్చులో క్రమమైన చుక్కలకు బదులు గరుకు రేణువులు కనిపిస్తాయి. ఇంక్‌జెట్ ప్రతి అయితే సన్నని తుంపర చల్లినట్టు ఉంటుంది.

కాలం సంగతి మాత్రం లూప్ చెప్పలేదు. 1957లో నలుపు తెలుపుల్లో వచ్చిన మాయాబజార్ 2010లో రంగుల్లో మళ్లీ విడుదలైంది. ఆ రెండో విడుదల పోస్టరు నకిలీ కాదు, కానీ మొదటిదని చెప్పి అమ్మితే మోసమే. అందుకే అడుగున ఉన్న పంపిణీదారు పేరు, ప్రెస్సు పేరు తప్పక చదువుతాను. అల్ట్రావయొలెట్ టార్చి కూడా వేస్తాను. ఆ వెలుగులో నీలంగా మెరిసే, కాగితానికి తెల్లదనం తెచ్చే రసాయనాలు 1950ల నుంచే వాడుకలో పెరిగాయి కనుక, 1940ల నాటిదన్న పోస్టరు నీలంగా వెలిగితే కొనను.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను మా కిటికీ అద్దాలు పగలగొట్టినప్పుడు ఒక పోస్టరు తడిసి, రంగు పోయింది. తెలిసిన చిత్రకారుడు కుంచెతో సరిదిద్దాడు. మామూలుగా చూస్తే అతుకు తెలియదు. లూప్‌లో మాత్రం చుక్కలు ఉన్నట్టుండి ఆగిపోయి, రంగు ముద్దగా కనిపిస్తుంది. కొనేటప్పుడు ఇతరుల పోస్టర్ల మీద ఇప్పుడు అదే వెతుకుతాను.

లోపాలూ ఉన్నాయి. కాగితానికి అంగుళం దూరంలో పెట్టి చూడాలి, ఒక్కసారికి వేలిగోరంత చోటే కనిపిస్తుంది. పెద్ద పోస్టరుకు గంట పడుతుంది, మెడ పట్టేస్తుంది. మా ఇల్లు పెదవాల్తేరులో. ఉప్పుగాలికి కీలు తుప్పు పట్టింది, మూడో వానాకాలానికి అద్దం లోపల బూజు దారాలు మొలిచాయి. తుడిపించాక సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెడుతున్నాను, మళ్లీ రాలేదు. ఇరవై ఇంతలది కూడా కొని చూశాను. దానిలో చుక్కలే తప్ప బొమ్మ ఎక్కడుందో తెలియక, వారానికే పక్కన పెట్టేశాను.